చవక కరెంటు బండి కొనేముందు

మీ ఇంటి నుంచి రైల్వే స్టేషన్‌కి ఎంత దూరం? ముందు ఆ లెక్క చెప్పండి. బండి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఉండేవారైతే రెండు కిలోమీటర్లనో ఐదు కిలోమీటర్లనో అంటారు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఈ ఊరి సంపాదన బెంగళూరు రైలెక్కింది. మారికుప్పం, చాంపియన్, ఊర్గాం, కోరమాండల్ స్టేషన్లలో చీకటి ఉండగానే జనం నిలబడి ఉంటారు. పొద్దున ఆటో, రాత్రి మళ్లీ ఆటో. నెల తిరిగేసరికి ఆ ఖర్చు జేబుకు తెలుస్తుంది. అప్పుడే బజారులో దుకాణం ముందు వరసగా నిలబెట్టిన రంగురంగుల కరెంటు బండ్లు కంటపడతాయి. లోపలి నుంచి పిలుపూ వస్తుంది.

"రాండన్నా! లైసెన్సు అక్కర్లేదు, నెంబరు ప్లేటు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. ఒకసారి ఛార్జి పెడితే తొంభై కిలోమీటర్లు. కరెంటెట్లా ఫ్రీనే కదా!"

ఇందులో నిజమెంత? కొంత ఉంది. మిగతాది విడదీయడానికి మీరు ఇంజనీరు కానక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్ను, దుకాణదారుడి ముందు కాస్త మొహమాటం లేకుండా ఉండగలగడం చాలు. మొహమాటమే మనవాళ్లను ఎక్కువ ముంచుతోందని నా అభిప్రాయం. తెలిసినవాడి కొట్టు, మామ కొడుకు చెప్పాడు, టీ కూడా తాగించారు, ఇంక కాగితాలేం అడుగుతాం అనుకుంటారు. అడగండి. నలభై యాభై వేలు పోసేది మీరే.

1. అవసరాన్ని కిలోమీటర్లలో చెప్పండి

"ఊళ్లో తిరగడానికి" అంటే సరిపోదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది ఎక్కుతారు, ఎంత బరువు, దారిలో ఎత్తులున్నాయా, బండి పగలంతా ఎక్కడ నిలబడుతుంది? ఈ ఐదింటికీ జవాబు రాసుకోండి.

మూడు రకాల మనుషుల్ని చూద్దాం. ఒకాయన ఆండర్సన్‌పేట నుంచి స్టేషన్‌కి వెళ్లి బండి స్టాండులో పెట్టి రైలెక్కుతాడు. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు మించదు. ఇంకొకామె బంగారపేటలో పనిచేస్తుంది, కేజీఎఫ్ నుంచి రానూపోనూ ముప్పై కిలోమీటర్ల లోపే. మూడో ఆయన బేతమంగళ పక్క పల్లెలో పాలు పోయించుకుని డెయిరీకి చేరుస్తాడు, రెండు క్యాన్లు అటూ ఇటూ వేలాడాల్సిందే. ముగ్గురూ ఒకే దుకాణానికి వెళితే ముగ్గురికీ ఒకే బండి చూపిస్తారు. మొదటాయనకు అది పనికొస్తుంది. ఆమెకు ఏడాదిలో విసుగు పుడుతుంది. పాలాయన చేతిలో దాని చట్రం, బ్రేకులు, మోటారు మూడూ నలిగిపోతాయి.

2. బండ్లు రెండు జాతులు, ఏదో తేల్చుకోండి

"లైసెన్సు అక్కర్లేదు" అన్నమాట అన్ని కరెంటు బండ్లకూ వర్తించదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు దాటకూడదు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఇవన్నీ ఉన్న బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. దానికే రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. ఈ గీత దాటిన ప్రతి బండికీ ఆకుపచ్చ నెంబరు ప్లేటు ఉండాలి. మనకైతే కేజీఎఫ్‌లో కేఏ-08, కోలారులో కేఏ-07. లైసెన్సు, ఇన్సూరెన్సు రెండూ తప్పవు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మినహాయింపు బండి అయినంత మాత్రాన పరీక్షలు అక్కర్లేదనుకోవడం. అది మినహాయింపు కిందికి వస్తుందని ఏఆర్‌ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ తయారీదారు దగ్గర ఉండాలి. దాని నకలు అడగండి. అందులోని మోడల్ పేరు, బండి మీద అతికించిన పేరు ఒకటేనా? ఒక అక్షరం తేడా ఉన్నా ఆగండి. విడిభాగాలు తెప్పించి షెడ్డులో బిగించి, ఇంకొకరి సర్టిఫికెట్ చూపించి అమ్మే బండ్లు దొరికిపోయేది ఇక్కడే.

కేంద్ర రాయితీ గురించి కూడా ఒక మాట. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం రాయితీ పెట్టింది రిజిస్టరైన బండ్లకే. ప్లేటు లేని బండి మీద "గవర్నమెంటు సబ్సిడీ పోను ఇంత" అని ఎవరైనా లెక్క కడితే, మిగతా లెక్కలు కూడా అలాంటివే అని గ్రహించండి.

3. "ఒక వైరు తీసేస్తే స్పీడు పెరుగుతుంది" అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి

ఈ మాట చాలా ప్రేమగా చెబుతారు. "ఇరవై ఐదుతో యాడ పోతావు సామీ, ఆ వైరు తీసేస్తా, నలభై ఐదు పోతుంది." పోతుంది, నిజమే. కానీ ఆ క్షణం నుంచి మీది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. పోలీసు జరిమానా ఒక్కటే అయితే కట్టేసి మర్చిపోవచ్చు. మార్కెట్ రోడ్డులో ఎవరికైనా తగిలితే? చికిత్స ఖర్చు, నష్టపరిహారం అంతా మీ ఇంటి మీదే పడుతుంది. ఇన్సూరెన్సు కంపెనీ అనేది మధ్యలో ఉండదు.

పైగా ఆ బండి బ్రేకులు, టైర్లు ఇరవై ఐదు వేగానికి సరిపడేలా పెట్టినవి. వైర్లు, కంట్రోలరు కూడా అంతే. వేగం పెంచితే కరెంటు ఎక్కువ లాగుతుంది, వైర్లు వేడెక్కుతాయి, బ్యాటరీ తొందరగా చస్తుంది. వారంటీ కూడా అక్కడితో సరి. పిల్లలు బడికి వెళ్లడానికి కొంటున్న తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వైరు తీసిన బండిని మైనరు నడిపితే చట్టం ముందు నిలబడేది తండ్రో తల్లో. జరిమానా పాతిక వేలు, జైలుశిక్షకూ అవకాశం ఉంది.

చట్టం అడగకపోయినా, ఇరవై ఐదు వేగంలోనూ హెల్మెట్ పెట్టుకోండి. తల నేలకు తగిలేటప్పుడు అది ఏ తరగతి వాహనమో నేల చూడదు.

4. బ్యాటరీ మీది చీటీ చదవండి

చవక బండిలో ఖరీదైన వస్తువు బ్యాటరీ. కాబట్టి సీటు ఎత్తించండి. పెట్టె మీద ఏం రాసి ఉంది? వోల్టులు, ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), ఏ రకం, సీరియల్ నంబరు, తయారైన నెల, తయారుచేసినవారి పేరు. ఇవేవీ లేకుండా నల్ల టేపు చుట్టిన నీలిరంగు కట్ట కనిపిస్తే, ఆ బండి ఎంత తక్కువకు ఇచ్చినా ఖరీదే.

రకాలు మూడు. లెడ్ యాసిడ్ అంటే 12 వోల్టుల బ్యాటరీలు నాలుగో ఐదో వరసగా కలిపినవి. బరువెక్కువ, ఆయుష్షు తక్కువ, బాగా వాడితే ఏడాదిన్నర రెండేళ్లు. లిథియంలో ఎన్‌ఎంసీ అనేది తేలిక, చిన్న పెట్టెలో ఎక్కువ శక్తి పడుతుంది, కానీ వేడికి సున్నితం. ఎల్‌ఎఫ్‌పీ కాస్త బరువు, వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జి పెట్టుకోవచ్చు. మన ఎండలకు, స్టాండులో పగలంతా నిలబడే బండికి ఎల్‌ఎఫ్‌పీయే నా ఓటు. అయితే ఎల్‌ఎఫ్‌పీ అసలే అంటుకోదు అని చెప్పేవాడిని మాత్రం నమ్మకండి.

తర్వాత అడగాల్సిన మాట "ఎయిస్-156 ప్రకారం పరీక్షించిన బ్యాటరీయేనా?" దీని వెనక కథ మన చుట్టుపక్కలదే. 2022 మార్చి చివర్లో వేలూరులో రాత్రి ఛార్జింగ్‌లో పెట్టిన కొత్త స్కూటరు అంటుకుని, పొగతో ఊపిరాడక తండ్రీ కూతురూ చనిపోయారు. తప్పు బ్యాటరీదా, పాత సాకెట్‌దా అన్న వాదన ఆ తర్వాత నడిచింది. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జి అవుతున్న బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. నెల తిరగకుండా మూడు ఇళ్లు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కరెంటు స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంట, పైన ఉన్న లాడ్జిలో ఎనిమిది మందిని బలి తీసుకుంది.

వీటి తర్వాతే కేంద్రం ఎయిస్-156 ప్రమాణాన్ని బిగించింది. 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. సెల్స్ మధ్య ఎడం, ఒక సెల్ వేడెక్కితే పక్కదానికి పాకకుండా ఏర్పాటు, వేడి పెరిగితే హెచ్చరిక, నీళ్లు చొరబడకుండా ఐపీ67 రక్షణ, సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ బోర్డు. ఇవి ఉన్న పెట్టెకు కొన్ని వేలు ఎక్కువ అవుతుంది. బండి ధరలో బేరం ఆడండి, ఇక్కడ మాత్రం వద్దు. నెంబరు ప్లేటు లేని చిన్న బండి కొంటున్నా ఇదే ప్రశ్న అడగండి. "దీనికి అవన్నీ ఉండవన్నా" అని జవాబు వస్తే కనీసం నిజం చెప్పాడు. అప్పుడు ఆ బ్యాటరీని ఇంట్లో పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం మీది.

5. "తొంభై కిలోమీటర్లు" అన్నదాన్ని మీరే లెక్కకట్టండి

వోల్టుల్ని ఏహెచ్‌తో గుణించండి. 60 వోల్టులు, 26 ఏహెచ్ అయితే 1,560 వాట్-అవర్లు. లిథియం అయితే అందులో 85 శాతం వాడుకోవచ్చనుకుందాం, 1,326. చిన్న బండి కిలోమీటరుకు సుమారు 25 వాట్-అవర్లు తింటుంది. భాగిస్తే 53 కిలోమీటర్లు. ఇద్దరు ఎక్కి, ఎత్తులు ఎక్కితే 30 తింటుంది, అప్పుడు 44. దుకాణంలో చెప్పిన తొంభై ఎక్కడిది? ఒక్కడే సన్నటి మనిషి, సమతల రోడ్డు, నెమ్మదిగా, ఆగకుండా. మన గుంతల రోడ్ల మీద ఆ మనిషి దొరకడు.

లెడ్ యాసిడ్ అయితే ఇంకా జాగ్రత్త. 60 వోల్టులు, 28 ఏహెచ్ కలిపితే 1,680 వస్తుంది గానీ, దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తూపోతే ఆయుష్షు తరిగిపోతుంది. అందుకని చేతికి దక్కేది ముప్పై, నలభై కిలోమీటర్లే అనుకోండి.

మీ రోజువారీ దూరానికి రెట్టింపు వచ్చేలా చూసుకోండి. మూడో ఏట బ్యాటరీ బలం తగ్గాక కూడా మీరు ఇంటికి చేరాలి కదా.

6. నిజంగా మిగిలేదెంత?

చాలామంది ఈ లెక్క వేయరు. పెట్రోలు లీటరు వంద రూపాయలనుకుందాం, పాత స్కూటరు 45 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు రెండు రూపాయల ఇరవై పైసలు. కరెంటు బండికి ఛార్జర్‌లో పోయేదీ కలిపి కిలోమీటరుకు 30 వాట్-అవర్లు, యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే పద్దెనిమిది పైసలు. అంటే కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులు.

ఇప్పుడు స్టేషన్ ఆయన్ను తీసుకోండి. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు, 2,400 కిలోమీటర్లు. మిగులు 4,800 రూపాయలు. ఆయన లెడ్ యాసిడ్ బండి కొన్నాడు. కొత్త సెట్టు పద్నాలుగు వేలు, ఏడాదిన్నర వస్తుందనుకుంటే ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు. పెట్రోలు బండి ఆయిలు, సర్వీసు ఖర్చు రెండు వేలు పక్కన పెట్టినా, ఆయన నష్టంలోనే ఉన్నాడు.

బంగారపేట ఆమెను చూడండి. రోజుకు ముప్పై, ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు, మిగులు పద్దెనిమిది వేలు. మంచి లిథియం బ్యాటరీ ముప్పై ఆరు వేలనుకున్నా, నాలుగేళ్లు వస్తే ఏడాదికి తొమ్మిది వేలు. ఇంకో తొమ్మిది వేలు చేతిలో మిగిలింది.

గమనించారా? తక్కువ తిరిగేవాళ్లే చవక బండి కొంటారు, వాళ్లకే లాభం లేదు. ఎక్కువ తిరిగేవాళ్లకు కరెంటు బండి నిజంగా డబ్బు మిగులుస్తుంది, కానీ వాళ్లు కొనాల్సింది చవకది కాదు. నెంబరు ప్లేటు ఉన్న, పేరున్న, లిథియం బండి. మరి తక్కువ తిరిగేవాళ్లు కొనకూడదా? కొనవచ్చు. ఆటో కోసం ఎదురుచూడక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ నడవలేక ఆగిపోనక్కర్లేదు, లైసెన్సు లేని అక్క కూరగాయలకు ఎవరినీ అడగక్కర్లేదు. ఆ సౌకర్యం కోసమే కొంటున్నామని తెలిసి కొనండి. ఆదా అవుతుందని అప్పు చేసి మాత్రం కొనకండి. ఇంట్లో నడిచే పెట్రోలు బండి ఉంటే ఇంకో రెండేళ్లు దాన్నే తోమి వాడుకోవడం తెలివైన పని.

"కరెంటెట్లా ఫ్రీనే" అన్నదీ సగం నిజమే. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అన్నమాట వాస్తవం. కానీ మీ ఇంటికి వచ్చే వాటా 2022-23లో మీ సగటు వాడకం, దాని మీద మరికొంత. బండి వచ్చాక వాడకం పెరిగితే ఆ వాటా దాటిన దానికి బిల్లు వస్తుంది. మొత్తం 200 దాటితే బిల్లంతా కట్టాలి. ఇప్పటికే 200కు దగ్గరగా ఉన్న ఇంటివాళ్లు బెస్కాం బిల్లులు నాలుగు నెలలవి ముందు వేసుకుని చూసుకోండి.

7. నడిపి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

దుకాణం ముందు ఇరవై అడుగులు నడపడం నడపడం కాదు. ఛార్జి నిండుగా ఉన్నప్పుడు ఏ బండి అయినా ఉరుకుతుంది. ముప్పై శాతం ఉన్నప్పుడు ఇవ్వమనండి. వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. ఊళ్లో మీకు తెలిసిన ఎత్తు ఒకటి ఎక్కండి. మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. కదిలిందా, మూలిగిందా? ఛార్జి చూపే గీతలు ఒక్కసారిగా రెండు పడిపోతే బ్యాటరీ బలహీనమని అర్థం.

దిగేటప్పుడు రెండు బ్రేకులూ విడివిడిగా పట్టండి. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆగాలి. రాత్రిపూట లైటు వెలుగు ఎంత దూరం పడుతోందో చూడండి. బేతమంగళ వైపు, కమ్మసంద్ర కోటిలింగేశ్వరం వైపు చీకట్లో తిరిగేవాళ్లకు ఇది ప్రాణంతో సమానం. వీలైతే చిన్న వాన కురిసిన రోజు వెళ్లండి. దుకాణదారుడు వానలో బండి బయటికి తీయడానికి వెనకాడితే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

8. వారంటీ కాగితం, ఊళ్లో మెకానిక్

"మూడేళ్ల వారంటీ అన్నా" అన్న మాట గాల్లో ఉండకూడదు. జీఎస్టీ బిల్లు మీద బండి చాసిస్ నంబరు, మోటారు, కంట్రోలరు, ఛార్జరు, బ్యాటరీ సీరియల్ నంబర్లు రాయించుకోండి. కరెంటు బండ్ల మీద జీఎస్టీ ఐదు శాతమే, బిల్లు వద్దని బేరమాడి మిగుల్చుకునేది దాదాపు ఏమీ లేదు. వారంటీ కార్డులో ఈ మూడు వెతకండి: బ్యాటరీ బలం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, కొత్తది ఇస్తారా బాగుచేసింది ఇస్తారా, బాగు చేసినన్ని రోజులు మీకు బండి ఏదీ?

ఆ తర్వాత దుకాణదారుడిని వదిలేసి, అదే బండి ఏడాది నుంచి నడుపుతున్నవారిని పట్టుకోండి. స్టేషన్ స్టాండులో నిలబడితే చాలు, ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. "అన్నా, కంట్రోలరు పోతే ఎన్నాళ్లకు తెచ్చిచ్చినారు?" అని అడగండి. ఆ జవాబు కంపెనీ ప్రకటనకన్నా విలువైనది. దేశీయ విడిభాగాల నిబంధన పాటించలేదని 2023లో కేంద్రం ఏడు కంపెనీలను రాయితీ డబ్బు తిరిగి కట్టమంది. అలాంటి దెబ్బలు తగిలినప్పుడు ముందు మూతపడేది చిన్న ఊళ్ల డీలర్లే. కంపెనీ ఎక్కడో ఉంటుంది, చచ్చిన బ్యాటరీతో మీరిక్కడుంటారు.

పక్కనే ఫ్యాక్టరీ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. హోసూరు, కృష్ణగిరి, రాణిపేట, అన్నీ మనకు చుట్టూ కరెంటు బండ్లు తయారయ్యే చోట్లే. కోలారు దగ్గరి నర్సాపురంలో హోండా కర్మాగారం 2013 నుంచి ఉంది. 2024 నవంబరులో ఆ కంపెనీ ప్రకటించిన యాక్టివా ఈ కూడా అక్కడ తయారైనదే. కానీ దాని బ్యాటరీలు ఇంట్లో ఛార్జి పెట్టుకునేవి కావు, మార్పిడి కేంద్రంలో మార్చుకోవాలి. ఆ కేంద్రాలు మొదట వచ్చింది బెంగళూరు, ఢిల్లీ, ముంబైలలో. కాబట్టి ఎక్కడ తయారైందని కాకుండా, మీ వీధిలో ఎలా నడుస్తుందని అడగండి.

9. ఇంట్లో ఛార్జింగ్: అన్నిటికన్నా ముఖ్యమైనది

1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు మనది. అయినా గని లైన్ల ఇళ్లలో చాలాచోట్ల వైరింగ్ పాతదే, ఎర్తింగ్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఒక గది, ఒక వంటిల్లు, ఒకే తలుపు. ఆ తలుపు పక్కన బండి నిలబెట్టి రాత్రంతా ఛార్జి పెడితే, మంట లేచినరోజు బయటికి దారి ఉండదు. వేలూరు తండ్రీకూతుళ్లను చంపింది పొగ. అది గుర్తుంచుకోండి.

చిన్న బండి ఛార్జరు లాగే కరెంటు మిక్సీ లాగేంతే. తేడా ఏమిటంటే మిక్సీ రెండు నిమిషాలు తిరుగుతుంది, ఛార్జరు ఐదు గంటలు ఆగకుండా లాగుతుంది. వదులుగా ఉన్న సాకెట్ ఐదు గంటల్లో కరిగిపోతుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించి, బండికి విడిగా ఒక మంచి సాకెట్, దానికో ఎంసీబీ పెట్టించండి. ఈ ఖర్చు కూడా బండి ధరలోనే కలపండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

ఇంకొన్ని చకచకా చెబుతాను. బండి ఆపిన వెంటనే ఛార్జి పెట్టకండి, అరగంటో ముప్పావుగంటో చల్లారనివ్వండి. వానలో తడిసి వస్తే ఆరాకే. వరండాలో, గాలి తగిలేచోట పెట్టండి, తలుపుకు అడ్డంగా కాదు, గ్యాస్ సిలిండరు పక్కన అసలే కాదు. మంచం కిందకి బ్యాటరీ తెచ్చి పెట్టే అలవాటు మానేయండి. నిద్రపోయే వేళ కాకుండా సాయంత్రం మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. లెడ్ యాసిడ్ కూడా ఛార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వదులుతుంది, దానికీ గాలి కావాలి.

ఛార్జరు పోతే దాని స్థానంలో బజారులో దొరికినది తగిలించవద్దు. రెండిటి మీదా 60 వోల్టులనే రాసి ఉండవచ్చు, కానీ లెడ్ యాసిడ్‌కు, ఎన్‌ఎంసీకి, ఎల్‌ఎఫ్‌పీకి నిండు వోల్టేజి వేరు వేరు. పక్కింటివాళ్ల ఛార్జరు ప్లగ్గు సరిగ్గా దూరింది కదా అని పెట్టేయడం చాలా ప్రమాదం.

పెట్టె ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుసబుసమన్నా దగ్గరికి వెళ్లకండి. మెయిన్ ఆపగలిగితే ఆపండి, అందరినీ బయటికి తీసుకెళ్లండి, 101కో 112కో ఫోన్ చేయండి. లిథియం మంట ఆరినట్టు కనిపించి మళ్లీ రేగుతుంది. బండి కోసం లోపలికి వెళ్లకండి.

10. సెకండ్ హ్యాండ్ అయితే

బ్యాటరీ చచ్చిపోయిందనే ధరతో బేరం మొదలుపెట్టండి. వేరే దారి లేదు. నిండా ఛార్జి చేయించి, మీకు తెలిసిన దూరం, ఊర్గాం నుంచి బంగారపేట దాకా వెళ్లి రండి, ఎంత మిగిలిందో చూడండి. పెట్టె విప్పి మళ్లీ మూసిన జాడలుంటే, స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే, లోపల పాత ల్యాప్‌టాప్ సెల్స్ చేరి ఉండవచ్చు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేకండి. నెంబరున్న బండి అయితే ఆర్‌సీలో పేరు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

రేపు దుకాణానికి వెళ్లేటప్పుడు నాలుగే నాలుగు అడగండి: పరీక్షా సంస్థ సర్టిఫికెట్ నకలు, బ్యాటరీ మీది చీటీ ఫోటో, సీరియల్ నంబర్లున్న జీఎస్టీ బిల్లు, ముప్పై శాతం ఛార్జితో ఎత్తు మీద ట్రయల్. నాలుగూ ఇస్తే బేరం మొదలుపెట్టండి. మొదటి రెండింటిలో ఏది ఇవ్వకపోయినా, పదివేలు తగ్గిస్తానన్నా సరే, డబ్బు బయటికి తీయకండి.